గొట్టానికి రాసిన పసుపు

ఈ ఏడాది రథసప్తమినాడు ఉదయం అరసవల్లిలోని మా వదిన మెస్సుకు వెళ్లాను. ఏటా వెళతాను. ఆ పండగనాడు గుడి వీధులన్నీ జనంతో నిండిపోయి, ఆటోలను చాలా దూరంలోనే ఆపేస్తారు కనుక, చేతికర్ర ఊతంగా నడుచుకుంటూ, మలుపు మలుపు దగ్గరా ఆగి గడియారం చూసుకుంటూ వెళ్లడం నా అలవాటు. వంటశాల గుమ్మంలో అడుగుపెట్టేసరికి, కొత్తగా పనిలో చేరిన వంటమనిషి, నడివయసు ఆవిడ, పసుపు గిన్నె పట్టుకొని పొయ్యిలకు బొట్లు పెడుతోంది. ఇడ్లీ పొయ్యి అయింది, దోసెల పొయ్యి అయింది, అన్నం గుండిగ పెట్టే పెద్ద పొయ్యి కూడా అయింది. తరువాత ఆవిడ గోడ వెంబడి సాగిన గ్యాసు గొట్టం వైపు చెయ్యి చాపింది. అవతల పప్పు కడుగుతున్న మా వదిన తల ఎత్తకుండానే, "అమ్మీ, గొట్టానికి కాదు. గోడకి రాయి," అంది. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగి, గోడ మీదికి జరిగింది. ఎందుకని అడగలేదు. పండగపూట యజమానురాలిని ప్రశ్నలు అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. ఎందుకో నేను చెబుతాను. ఆ సంగతి జరిగిన రోజున అక్కడ చాలామంది ఉన్నారు గాని, అంకెతో సహా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

అంకె అన్నాను కనుక నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను ఉద్యోగమంతా విజయనగరం వైపు ఒక జూటు మిల్లులో, బాయిలరు గదిలో చేశాను. ఆవిరి ఒత్తిడి ఎంత ఉందో చూపే గేజి ముందు కూర్చొని, ముల్లు ఎక్కడుందో ఎప్పటికప్పుడు పైవాళ్లకు చెప్పడం నా పని. ఆ గదిలో 'బాగానే ఉన్నట్టుంది' అనే మాటకు విలువ లేదు. ఎంత ఉంది, ఎప్పుడు చూశావు, ఈ రెండే అడిగేవారు. ఆ రెండు ప్రశ్నలూ ఉద్యోగం వదిలాక కూడా నన్ను వదల్లేదు. పులుసు ఎలా ఉందని ఇంట్లో అడిగితే, కిందటి శుక్రవారం పెట్టిన పులుసు కంటే ఉప్పు అర చెంచా తక్కువని చెబుతానని మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. మనుషులు చెప్పే మాటల్లో తేదీ, అంకె ఉన్నవాటిని నమ్ముతాను. లేనివాటిని మర్యాదగా వింటాను.

మా వదిన నాకు పూర్తిగా ఎదురు. కొలతపాత్ర ఆవిడ వంటశాలలో ఎన్నడూ లేదు. నూనె కాగిందో లేదో చప్పుడు విని చెబుతుంది, ఇడ్లీ పిండి పులిసిందో లేదో గిన్నె మీద వేలితో కొట్టి చెబుతుంది. గుడికి వచ్చేవాళ్లకు టార్పాలిన్ నీడలో గారెలు వేసి అమ్మడంతో మొదలుపెట్టి, రెండు గదుల మెస్సు దాకా ఆవిడే తెచ్చింది. మా అన్నయ్య చేసిన సాయం గల్లాపెట్టె దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం. అది చిన్న సాయమేమీ కాదు. ఆయన ఆ కుర్చీలోంచి లేవగా చూసినవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లను పలకరించకుండా వదిలింది అంతకంటే తక్కువ. వంట మాత్రం అంతా కట్టెల మీద. సరుగుడు కట్టెలు, వాటికి తోడు పలాస వైపు నుంచి బస్తాల్లో వచ్చే జీడిపిక్కల పెంకులు. ఆ పెంకుల మంట గొప్పది గాని, పొగ కళ్లలో కారం కొట్టినట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ పొగలో నిలబడి మా వదిన కళ్లు ఎప్పుడూ ఏడ్చి వచ్చినట్టు ఎర్రగా ఉండేవి. మాట మధ్యలో దగ్గు ఆపుకోవడం ఆవిడకు ఒక విద్యలా అబ్బింది. చివరికి డాక్టరు, పొగ మానకపోతే ఊపిరితిత్తులు ఊరుకోవని గట్టిగా చెప్పాక, గ్యాసు పెట్టించాలన్న నిర్ణయం జరిగింది.

పక్క హోటళ్లు చూసి వచ్చి, పొయ్యికో సిలిండరు చొప్పున దిమ్మ కిందే పెట్టుకుందామంది వదిన. కళ్లెదుట ఉంటే ఎవరూ ఎత్తుకుపోరని ఆవిడ లెక్క. నేను అడ్డం తిరిగాను. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే పైకి పోదు. నీళ్లలా నేల మీద పరుచుకొని, పల్లం వెతుక్కుంటూ పోయి, ఏ తూములోనో పొయ్యి కిందో చేరి నిప్పు కోసం కాచుకొని ఉంటుంది. కనుక సిలిండర్లు వంటశాలలో ఉండకూడదన్నాను. పెరట్లో, తూముకు దూరంగా, కింద గాలి ఆడేలా జాలీ గోడ కట్టి, దానికి తాళం వేసి, అక్కడి నుంచి ఇనుప గొట్టంలో గ్యాసు లోపలికి రావాలన్నాను. తాళం అన్న మాటతో వదిన మెత్తబడింది. తాపీమేస్త్రీ అంత తేలిగ్గా మెత్తబడలేదు. అందంగా ఉంటుంది కనుక గొట్టాన్ని గోడలో పాతేసి పైన టైల్సు వేసేస్తానన్నాడు. గోడలో పాతిన గొట్టం కారితే ఎక్కడ కారుతోందో నీ టైల్సును అడగాలా అన్నాను. అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గొట్టం గోడకు కొంచెం ఎడంగా, క్లాంపుల మీద, కళ్లకు కనబడుతూ సాగింది. గోడ దాటే చోట దానికంటే లావు గొట్టం ఒకటి తొడుగులా పెట్టించాను. పొయ్యి పొయ్యికీ ఒక వాల్వు, అన్నింటికీ కలిపి గుమ్మం పక్కన ఒక పెద్ద వాల్వు. పెద్దది పొయ్యి దగ్గర ఉంటే సులువు కదా అని అన్నయ్య కుర్చీలోంచే అడిగాడు. మంట దాటుకొని వెళ్లి మూయవలసిన వాల్వు ఎవరికి పనికొస్తుంది? బయటకు పరుగెత్తే మనిషి దారిలో చెయ్యి వేసి మూసేయగలగాలి. ఇలాంటివన్నీ నేను చెబుతుంటే వదిన ఒక్కోదానికి తల ఊపి, "మరిదిగోరు బాయిలరు తెచ్చి నా నెత్తిన పెడతన్నారు," అనేది. కాని ఒక్కటి కూడా కాదనలేదు.

గొట్టాలు వేసినవాడు మా వదిన తమ్ముడు. రాజాంలో ఉంటాడు. కాలేజీ హాస్టళ్లకూ కల్యాణ మండపాలకూ గొట్టాలు వేసిన చెయ్యి. నిదానం కాస్త తక్కువ గాని, పనిమంతుడు. అక్క ఇంటి పని కనుక మరీ మనసు పెట్టి చేశాడు. అతనికీ నాకూ మొదటి రోజే ఒక ఒప్పందం కుదిరింది: గొట్టానికి రంగు పరీక్ష అయ్యాకే వెయ్యాలి. ముందే రంగు పూస్తే సన్నని కంతలు రంగుతో పూడిపోయి పరీక్షలో నెగ్గుతాయి, ఆ తరువాత ఎండకో వేడికో రంగు పగిలి అసలు గుణం బయటపెడతాయి. అతనికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు, తెలిసినవాడే. అందువల్ల గొట్టం నల్లగా, నూనె జిడ్డుతో, పచ్చి ఇనుములా అలాగే ఉండిపోయింది. ఆ నలుపే మా కొంప ముంచబోయిందని అప్పుడు ఎవరికి తెలుసు?

ముహూర్తం ఆ ఏటి రథసప్తమి ఉదయానికి పెట్టారు. సూర్యుడి పండగనాడు, సూర్యుడి గుడి నీడలో కొత్త పొయ్యి మీద పాలు పొంగించి మొదలుపెట్టాలని వదిన కోరిక. అంతకు వారం ముందే మట్టిపొయ్యిలు పగలగొట్టించేసింది, మళ్లీ వాటి వైపు మనసు పోకూడదని. ఏటా పండగకు పొందూరు నుంచి వచ్చే నేతపని కుటుంబాలు కొన్ని ఆవిడ దగ్గరే భోంచేస్తాయి. వాళ్లకు ఆ మధ్యాహ్నానికి భోజనం పెడతానని మాట ఇచ్చేసింది. అంటే ఆ రోజు గ్యాసు వెలగకపోతే వండడానికి వేరే పొయ్యి లేదు, ఇచ్చిన మాట నిలబడదు. వీధిలో మిగిలిన హోటళ్లవాళ్లు కూడా చూస్తున్నారు. ఇంత చిన్న మెస్సుకు అన్ని గొట్టాలెందుకని ముందు నుంచీ నవ్వుతూనే ఉన్నారు. ఇన్ని ఏళ్లలో ఆవిడ సంపాదించుకున్న పేరంతా ఆ ఉదయం మీద ఉంది.

గొట్టం పని ముందురోజు చీకటి పడే వేళకు గాని పూర్తి కాలేదు. పరీక్ష పొద్దున్నే చేసుకుందామని వదిన తమ్ముడు వెళ్లిపోయాడు. అతను గాలి నింపే పంపుతో తిరిగి వచ్చేలోపల, తెల్లవారుఝామునే, ఇంటి ఆడవాళ్లు వంటశాలలోకి వచ్చారు. ముందు నడిచింది మా మేనత్త. ఎనభై దాటిన మనిషి, మా కుటుంబంలో శుభాశుభాలకు ఆవిడ మాటే చట్టం. తెల్లగా సున్నం వేసిన గోడ మీద బారుగా పాకిన ఆ నల్లటి ఇనుమును చూసి ఆవిడకు ఒళ్లు మండింది. పూజ జరిగే చోట ఈ నల్లతాచు ఏమిటని అడిగిందట. ఇంకేముంది, పసుపు చిక్కగా కలిపి, గొట్టం పొడుగునా, అతుకు అతుక్కీ, వంపు వంపుకీ మెత్తి, మధ్యలో కుంకుమ బొట్లు పెట్టారు. వదిన కూడా తన చేతులతో రాసింది. నేను వెళ్లేసరికి పసుపు ఆరి, గొట్టం పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. రంగు వెయ్యకూడదని అంత గట్టిగా ఒప్పందం చేసుకున్న మా ఇద్దరికీ పసుపు కూడా రంగేనన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. బాగుంది అనుకున్నాం. నేనైతే ఫొటో కూడా తీయించాను.

పరీక్ష మొదలైంది. పొయ్యిలకు వెళ్లే దారులన్నీ మూసి, గొట్టానికి నేను తెచ్చిన గేజి బిగించి, గాలి నింపి, ముల్లు రెండు కిలోల ఒత్తిడి గీత మీదికి వచ్చాక పంపు ఆపాడు వదిన తమ్ముడు. గ్యాసుతో కాదు, ఉత్త గాలితోనే. పరీక్ష నెగ్గేదాకా సిలిండర్లు పెరట్లోకి కూడా రాకూడదని నా షరతు. గాలి నిలబడితే ముల్లు నిలబడాలి, అంతే లెక్క. నేను స్టూలు వేసుకొని గేజి ముందు కూర్చున్నాను. చాలా ఏళ్ల తరువాత మళ్లీ ఒక ముల్లు ముందు కూర్చోవడం, నిజం చెప్పాలంటే, సంబరంగా ఉంది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ముల్లు దిగుతోంది. తొందరగా కాదు, కళ్లతో చూస్తుంటే కదలనట్టే ఉంటుంది, గీతతో పోల్చి చూస్తే దిగినట్టు తెలుస్తుంది. అర్ధగంటకు ఒక చిన్న గీత మేర కిందికి వచ్చింది.

వదిన తమ్ముడు సబ్బునీళ్లు కలిపి కుంచెతో అతుకులన్నింటికీ పూశాడు. ఎక్కడ కారితే అక్కడ బుడగ రావాలి. ఇక్కడ బుడగ రాలేదు. పసుపు మీద సబ్బు పడగానే గొట్టమంతా ఎర్రబడింది. పసుపు బట్టకు సబ్బు తగిలితే ఎర్రబడడం ప్రతి ఇంట్లో చూసేదే. కాని ఆ ఉదయం, ఆ గోడ మీద, చారలు చారలుగా కారుతున్న ఆ ఎరుపు చూసి ఆడవాళ్లందరూ ఒక్క అడుగు వెనక్కు వేశారు. మేనత్త మాత్రం రెండు చేతులూ జోడించి, అమ్మవారు ఒప్పుకుందని తేల్చేసింది. ఆ ఎర్రటి బురదలో బుడగ ఉన్నా కనబడే దారి లేదు. వదిన తమ్ముడు కుంచె కింద పెట్టి, ఎక్కడా కారడం లేదు, గేజిదే తప్పన్నాడు.

"పాత గేజి బావా ఇది. నీలాగే దీనికీ అనుమానం ఎక్కువ," అన్నాడు.

అతని గేజి కూడా బిగించమన్నాను. బిగించాడు. అదీ దిగింది. అయితే చలి అన్నాడు. చలికి గాలి ముడుచుకుంటుంది, ముల్లు కొంచెం దిగడం మామూలే అన్నాడు. మాట నిజమే. కాని అతను గాలి నింపినప్పుడు చలి, ఇప్పుడు పెరట్లో గొట్టం మీద ఎండ పడుతోంది. "ఎండెక్కితే గాలి పెరిగి ముల్లు పైకెళ్లాలి కదా. కిందికెందుకు వస్తాది?" అని అడిగాను. అతను గేజి అద్దాన్ని వేలితో తట్టాడు. అతని ముఖం చూస్తే నాకు బాధ వేసింది. అక్క ఇంట్లో, అక్క అత్తవారందరి ముందు, తన పని తప్పని ఒక ముసలివాడు అంకె చూపించి చెబుతుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? పూజకు వచ్చిన పంతులుగారు ముహూర్తం దగ్గర పడిందని గుర్తుచేశారు. మేనత్త పాలగిన్నె పట్టుకొని నిలబడింది. ఇంత చిన్న గీత కోసం ముహూర్తం పోగొట్టుకుంటామా అని ఎవరో అన్నారు. ఇంకెవరో, ముందు వెలిగించి పాలు పొంగించేసి, తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు కదా అన్నారు. నాకు చెప్పవలసింది ఇంకేమీ లేదు. ముల్లు ఎక్కడుందో చెప్పడమే నా పని. బాయిలరు గదిలో కూడా మంట ఆర్పమని హుకుం ఇవ్వవలసింది పైవాళ్లే. ఆ వంటశాలకు పైవాళ్లు ఒక్కరే. అందరం ఆవిడ వైపు చూశాం.

మా వదిన గేజి దగ్గరకు వచ్చింది. ఆవిడకు అంకెలు పెద్దగా పట్టవని చెప్పాను. ముల్లును కాసేపు చూసింది. తరువాత వంటశాలంతా ఒకసారి చూసింది, కారం నూరేటప్పుడు రోటిని చూసే చూపుతో. ఆ తరువాత తన చేతులు చూసుకుంది. చేతుల నిండా పసుపు.

"మరిదిగోరూ, పసుపు పట్టేసి బుడగ రావట్లేదేమో. నాను సానా దట్టంగా రాసినాను," అంది.

నాకు తల మీద మొట్టినట్టయింది. కుంచె పట్టుకొని వేసే రంగును ఆపాం గాని, గిన్నెలో తెచ్చి పూసే రంగు మాట మరిచాం. వదిన అప్పటికే తడిబట్టా కొబ్బరిపీచూ అందుకుంది. మేనత్త పాలగిన్నె పక్కన పెట్టి అడ్డం వచ్చింది. "ఒసే కోడలా, పుణ్యస్త్రీవి, పండగపూట నీ సేత్తో పసుపు కడుగుతావేటే? ఏటి జరుగుతాదో తెలుసా నీకు?"

ఆ మాటకు అర్థం అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. వదిన చెయ్యి ఆగింది. ముహూర్తానికీ ముల్లుకూ మధ్య ఆగని చెయ్యి, ఆ మాటకు ఆగింది. అప్పుడు గల్లాపెట్టె వైపు నుంచి మా అన్నయ్య గొంతు వినిపించింది. కుర్చీలోంచి లేవలేదు, మెడ మాత్రం ఇటు తిప్పాడు.

"అత్తా, నానిక్కడ కుర్సీలో కూకున్నాను. ఊపిరి బాగానే ఆడతన్నాది. ఒసే, నువ్వు కడుగు. ఆ గేసు పేలితే మాత్రం నాను ఉండను."

నవ్వింది మొదట మేనత్తే. ఆ నవ్వు మధ్యలోనే వదిన కడగడం మొదలుపెట్టింది. ఒక చివర నుంచి మొదలుపెట్టి, తను రాసిన పసుపునంతా తన చేత్తోనే, అతుకు అతుకూ తోమి, పొడిబట్టతో తుడిచింది. గొట్టం మళ్లీ నల్లతాచు అయింది. తమ్ముడు వెనకే సబ్బునీళ్లు పూస్తూ వచ్చాడు. దోసెల పొయ్యి వెనక వంపు దగ్గర, గోడ వైపు ఉండే చోట, ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. సెనగగింజంత అయింది. పగిలింది. మళ్లీ ఆవగింజంత లేచింది. అంత చిన్న దాన్ని అంతమంది పెద్దవాళ్లు వంగి చూడడం నేను మరెక్కడా చూడలేదు.

గొట్టంలో గాలి వదిలేసి ఆ వంపు విప్పారు. లోపల, గొట్టాన్ని బిగించే మరచుట్ల మధ్య నార చుట్టి ఉంది. జనపనార. ఉద్యోగమంతా ఆ నార మధ్య బతికినవాణ్ణి. దాన్ని గుర్తుపట్టడానికి నాకు గేజి అక్కరలేదు, వాసన చాలు. మా వైపు నీళ్ల గొట్టాలకు మరచుట్ల దగ్గర కారకుండా నార చుట్టడం అందరికీ అలవాటు. నీళ్లకు అది సరిపోతుంది, తడికి ఉబ్బి దారి మూసేస్తుంది. గ్యాసుకు తడి లేదు. నార ఎండిపోయి, దారి తెరుచుకుంటుంది. గ్యాసు గొట్టం మరలకు వేరే టేపు చుట్టాలి. మిగిలిన అతుకులన్నింటికీ అదే చుట్టాడు కూడా. వదిన తమ్ముడు ఆ నారపోగును వేళ్ల మధ్య నలిపాడు.

"టేపు అయిపోనాది అప్పా. సీకటి పడిపోతంటే ఒక్కటే కదా అనీసుకున్నాను," అన్నాడు అక్కతో.

వదిన అతని చేతిలోంచి ఆ పోగు తీసి అవతల పారేసింది. "ఇప్పుడే తెలిసినాది కాదేటిరా. ముట్టించినాక తెలిస్తే నాకు తమ్ముడు మిగిలీవోడు కాదు, నీకు అప్ప మిగిలీది కాదు. మళ్లీ బిగించు. తొందరేటీ లేదు," అంది.

తొందర లేకపోవడం ఎక్కడ? ముహూర్తం ఆ మాటల మధ్యనే దాటిపోయింది. అయినా ఆవిడ ముఖంలో కంగారు లేదు. రథసప్తమికి ఎలాగూ వాకిట్లో ఎండకు ఎదురుగా పిడకల మంట మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం ఆచారమే కదా, అదే నా ముహూర్తమంది. పంతులుగారు వెంటనే ఒప్పుకున్నారు. వీధి వాకిట్లో పిడకలు పేర్చి ఇత్తడి గిన్నెలో పాలు పొంగించారు. సిలిండర్లు ఆ దరిదాపుల్లో లేవని నేను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. పాలు పొంగినప్పుడు అందరూ సూర్యుడికి మొక్కారు, నేను మొక్కి మళ్లీ పెరట్లోకి చూసి వచ్చాను.

అసలు కష్టమైన పని ఆ తరువాతది. పొందూరు వాళ్లు దర్శనం చేసుకొని రావడం మొదలైంది. వాళ్లకు ఏదో ఒక సాకు చెప్పి పంపమని కొందరు సలహా ఇచ్చారు. సరుకు రాలేదనో, వంటమనిషికి జ్వరమనో. వదిన పమిట కొంగు బిగించి గుమ్మంలోకి వెళ్లింది. వీధిలో అవతలి హోటలు మనుషులు కూడా వింటున్నారు. మామూలు గొంతుతోనే చెప్పింది: "అమ్మా, గేసు గొట్టం పరీక్ష నెగ్గలేదు. అది నెగ్గకుండా పొయ్యి ముట్టించను. బువ్వ మద్దేనం బాగా దాటినాక పెడతాను. ఉండగలిగితే ఉండండి. నేకపోతే పక్కన తినండి, నానేటీ అనుకోను."

సగం మంది పక్కకు వెళ్లిపోయారు. ఎదుటి హోటలు గుమ్మంలో ఒకాయన చిన్నగా నవ్వాడు కూడా. మిగిలిన సగం మందిలో ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుంటూ, మగ్గం మీద పోగు తెగితే తాము ముడి వెయ్యకుండా నేసేస్తామా, అతుకు సరిచూసుకోమని చెప్పి, కాళ్లు చాపుకుంది. ఆవిడను చూసి మరికొందరు కూర్చున్నారు.

వదిన తమ్ముడు వంపు సరిగ్గా బిగించి మళ్లీ గాలి నింపాడు. ముల్లు మళ్లీ రెండు కిలోల మీదికి వచ్చింది. అర్ధగంట చాలన్నాడు. గంట అన్నాను. ఈసారి అతను వాదించలేదు. వదిన ఇంకో స్టూలు తెచ్చుకొని నా పక్కన కూర్చొని, ఒళ్లో చేట పెట్టుకొని చిక్కుడుకాయలు గిల్లుతూ ముల్లును చూసింది. మేనత్త కూడా వచ్చి నిలబడింది. గంట గడిచేసరికి ముల్లు దిగలేదు సరికదా, వెంట్రుకవాసి పైకి జరిగింది. పెరటి గొట్టం మీద ఎండ బాగా ఎక్కింది మరి. ముల్లు పోవలసిన వైపే పోయింది. బాయిలరు గదిలో ఎన్నో ముళ్లు చూశాను గాని, ఒక ముల్లు పైకి జరిగినందుకు సంబరపడడం నాకు అదే మొదటిసారి. వాకిట్లో పిడకల నిప్పు మీద నీళ్లు పోయించి, తలుపులూ కిటికీలూ తెరిపించి, అప్పుడు సిలిండర్లు తెప్పించి జాలీ గదిలో బిగించాం. గ్యాసు వదిలాక అతుకులకు మళ్లీ సబ్బునీళ్లు. ఎక్కడా బుడగ లేదు. మొదటి పొయ్యి వదిన ముట్టించింది. నీలం మంట, చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పొగ లేదు. ఆవిడ అలవాటుగా ముఖం పక్కకు తిప్పుకొని, అలవాటుగానే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

భోజనాలు సాయంత్రపు ఎండలో జరిగాయి. చిక్కుడుకాయ కూర, ముద్దపప్పు, చారు. చారులో ఉప్పు సరిగ్గా ఉందని, పోల్చకుండానే, నేను పైకి చెప్పాను. పక్క హోటల్లో తిని వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ వచ్చి కూర్చున్నారు.

ఆ తరువాత సంగతులు కూడా చెప్పాలి, ఎందుకంటే నా గర్వమంతా వాటిలోనే ఉంది. వదిన తమ్ముడు ఇప్పుడు ఏ వంటశాల పనికి వెళ్లినా, గాలి నింపే ముందు ఇంటి ఆడవాళ్లను పిలిచి, పసుపు రాసేశారా అని అడుగుతాడు. రాస్తే కడిగిస్తాడు. పరీక్ష అయ్యాక, రంగు ఆరాక, ఎంత పూసుకున్నా తనకు అభ్యంతరం లేదంటాడు. రాజాం వైపు మిగిలిన ఫిట్టర్లూ అదే అడుగుతున్నారని విన్నాను. విన్న మాటే కనుక మర్యాదగా విన్నాను. నా చెవులతో విన్నది ఇంకొకటి ఉంది. ఆ మరుసటి ఏడు చుట్టాలింట్లో కొత్త పొయ్యి వెలిగించబోతున్నారు. పంతులుగారు మంత్రం అందుకుంటున్నారు. మంచం మీద కూర్చున్న మా మేనత్త కర్ర నేలకు తాటించి, "ఉండండి. ముల్లు సూసినారేటి?" అంది. వాళ్లింట్లో గొట్టమూ లేదు, ముల్లూ లేదు, ఒక్క సిలిండరే. అయినా అందరూ ఆగి, ఆవిడ మాట కోసం రబ్బరు ట్యూబుకు సబ్బునీళ్లు పూసి చూశారు. మా మేనత్త ఇప్పుడు లేదు. మా వదిన దగ్గు తగ్గింది. కళ్లలో ఎరుపు పోయింది. మా అన్నయ్య ఆ కుర్చీలోనే ఉన్నాడు, ఏటా పండగనాడు తను బతికే ఉన్నానని ఒకసారి అందరికీ గుర్తుచేస్తాడు.

ఈ ఏడాది కూడా కొత్త వంటమనిషి గోడకు పసుపు రాయడం పూర్తయ్యాక, వదిన నాకు స్టూలు వేసింది. పండగనాడు పొయ్యి ముట్టించే ముందు, సిలిండర్లు విప్పించి, గొట్టంలో గాలి నింపి చూసుకోవడం ఆ ఇంటి ఆచారమైంది. చేతికర్ర గోడకు ఆనించి ముల్లు ముందు కూర్చున్నాను. గీతలు మునుపటి కంటే సన్నగా కనబడుతున్నాయి. తప్పు గీతలది కాదు. ఈ వయసుకు తెలిసివచ్చిందేమంటే, కాలం గడుస్తూ ఉంటే మనుషుల్లోంచీ ఇళ్లలోంచీ ఏదో ఒకటి సన్నగా కారిపోతూనే ఉంటుంది. చూపు, జ్ఞాపకం, అయినవాళ్లు. అది ఎక్కడ కారుతోందో ఏ సబ్బునీళ్లూ చూపించవు. ఏడాదికి ఒక్క ఉదయం మాత్రం, మా వదిన వంటశాలలో, ఒక గంట కాలం గడుస్తుంది, ముల్లు దిగదు.